ఆట ఎక్కడ జరిగింది? – మార్లిస్ టీడ్‌మన్ గారి నలభై మూడేళ్ల కొలువు

1981 సెప్టెంబరు పద్నాలుగో తేదీ, సోమవారం నాడు, నార్త్ ప్రెయిరీ కాలేజీల క్రీడా సంఘం వారి మేసన్ సిటీ కార్యాలయంలో, మహిళా బాస్కెట్‌బాల్ గణాంక విభాగపు సహాయకురాలిగా శ్రీమతి మార్లిస్ టీడ్‌మన్ గారు బాధ్యతలు స్వీకరించారు. ఆనాటి హాజరు పట్టీలో ఆమె సంతకం పక్కన ఏడు గంటల నలభై నిమిషాలని ఉంది. కార్యాలయం తెరిచేది ఎనిమిదింటికి. ఆ ఇరవై నిమిషాలు బయట మెట్ల మీద కూర్చుని, లోపలికి వెళ్లాక ఎవరిని ఏమడగాలో కాగితం మీద రాసుకున్నానని ఆమే ఒకసారి చెప్పారు. నలభై మూడేళ్ల నిర్విరామ సేవ అనంతరం, విభాగ సంచాలకురాలి హోదాలో, ఈ మే నెల ముప్పై ఒకటో తేదీన ఆమె పదవీ విరమణ చేస్తున్న శుభసందర్భాన, పద్దెనిమిదేళ్లుగా ఆమె పక్క బల్ల దగ్గర పనిచేస్తున్న లోవెల్ హ్రుస్కా అనే నన్ను నాలుగు మాటలు రాయమని సావనీరు సంపాదకవర్గం వారు కోరడం నా భాగ్యం.

ఆ నాలుగు మాటలకు ముందు ఒక మాట. సంపాదకవర్గం వారు సిద్ధం చేసిన జీవిత విశేషాల పుటలో, “2007 మార్చిలో దొర్లిన ఒక్క పొరపాటును మినహాయిస్తే వీరి సేవ నిష్కళంకం” అన్న వాక్యం నా కంటపడింది. రాసినవారి తప్పేం లేదు. సంఘం దస్త్రాల్లో అలాగే ఉంది. కానీ ఆ పొరపాటు ఆమెది కాదు, నాది. ఆ మచ్చతోనే ఆమెను ఇంటికి సాగనంపకూడదని గత కొన్ని వారాలుగా నేను పడిన తాపత్రయమే ఈ వ్యాసానికి అసలు కారణం. ఆ పొరపాటు నాదన్న వాక్యం రాయడానికి నాకు పదిహేడేళ్లు పట్టింది. రాశాక మాత్రం లేచి కిటికీ తీసి హాయిగా గాలి పీల్చుకున్నాను.

ఇక వరుసగా చెబుతాను.

మార్లిస్ గారు అయోవా ఉత్తరాన మొక్కజొన్న చేల మధ్య పెరిగారు. హైస్కూల్లో ఆమె ఆడినది ఆరుగురి ఆట. మా వైపు ఆడపిల్లలకు ఆ రోజుల్లో బాస్కెట్‌బాల్ అంటే అదే: సగం కోర్టులో బంతి వేసే ముగ్గురు, మిగతా సగంలో కాపు కాసే ముగ్గురు, మధ్యగీత దాటడానికి ఎవరికీ వీల్లేదు. ఆమె నాలుగేళ్లూ కాపు కాసే పనిలోనే ఉన్నారు. అంచేత అధికారికంగా ఆమె జీవితంలో వేసిన పాయింట్లు సున్నా. ఇది విని ఎవరైనా అయ్యో అనబోతే ఆమె ఊరుకునేవారు కాదు. “నా మూలంగా అవతలివాళ్లు వేయలేకపోయిన పాయింట్లు ఎవరైనా రాసిపెట్టారా? లేదు కదా! రాయనివి ఎన్ని ఉన్నాయో చూద్దామనే ఈ ఉద్యోగంలో చేరా,” అనేవారు.

ఆమె చేరిన కాలానికి మన నలభై ఒక్క కాలేజీల మహిళా జట్లకు ర్యాంకులు నిర్ణయించేది కోచ్‌ల ఓటు. ప్రతి సోమవారం ఓట్లు పోస్టుకార్డుల మీద వచ్చేవి. ఎవరు బాగా ఆడారన్నది కొంత, ఎవరి కోచ్‌తో కలిసి భోంచేశారన్నది మరికొంత కలిసి ఆ ఓటు తయారయ్యేది. దూరాన డకోటాలో ఉన్న ఒక జట్టు వరసగా పందొమ్మిది ఆటలు గెలిచినా పద్నాలుగో స్థానం నుంచి కదలలేదు, ఎందుకంటే అంత దూరం వెళ్లి వాళ్ల ఆట చూసిన కోచ్ ఒక్కరూ లేరు. ఓట్లు కూడి టైపు చేయడమే తన పని అయినా, మార్లిస్ గారు ఎవరూ అడక్కుండానే రెండేళ్లపాటు ప్రతి ఆట ఫలితాన్నీ సొంతంగా ఒక నోటుపుస్తకంలో లెక్కగట్టి, 1984లో దాన్ని బోర్డు ముందు పెట్టారు.

అందులోని సూత్రం చాలా సూటిగా ఉంటుంది. జట్టు తన ఆటల్లో ఎన్ని గెలిచిందన్నది పావు భాగం. అది ఎదుర్కొన్న జట్లు ఎన్ని గెలిచాయన్నది సగం. ఆ జట్లు ఎదుర్కొన్న జట్ల గెలుపులు మిగతా పావు. అంటే నువ్వెంత గెలిచావన్న దానికంటే, ఎలాంటివాళ్ల మీద గెలిచావన్నదానికి విలువ ఎక్కువ. మూడూ కలిపితే నాలుగు దశాంశాల అంకె ఒకటి వస్తుంది. ఆ అంకెల వరసలో మొదటి పదహారు జట్లకే ఏడాది చివర టోర్నమెంటులో చోటు. బోర్డు సభ్యులు ఎమెట్ క్వాల్ గారు ఆ నోటుపుస్తకాన్ని అటూ ఇటూ తిరగేశారట.

“ఆడపిల్లల ఆటకి ఇన్ని దశాంశాలు ఎందుకమ్మా? మొదటివాళ్లెవరో, చివరివాళ్లెవరో తెలిస్తే చాలదూ?”

“వాళ్లిద్దరికీ లెక్క అక్కర్లేదండీ, ఎవరి సంగతి వాళ్లకే తెలుసు. పదహారో చోటు వాళ్లూ పదిహేడో చోటు వాళ్లూ ఉన్నారే, వాళ్లకోసం అడుగుతున్నా,” అన్నారట ఆవిడ.

ఆ ఏడాది నుంచే ఓట్లు పోయి సూత్రం వచ్చింది. డకోటా జట్టు మూడో స్థానానికి ఎగబాకింది. అప్పట్లో అలిగిన కోచ్‌ల ఉత్తరాలన్నిటినీ ఆమె ఒక అట్టపెట్టెలో దాచారు. కొన్నింట్లో అక్షరదోషాలు కూడా దిద్దారు.

1998లో ఆమె మరో ముందడుగు వేశారు. పెద్ద కాలేజీలు చిన్న కాలేజీలను తమ ఊరికి పిలిపించుకోవడమే తప్ప తాము బస్సెక్కి పోయేవి కావు. సొంత ఊళ్లో గెలవడం, నాలుగు గంటలు మంచులో ప్రయాణించి పరాయి ఊళ్లో గెలవడం ఒకటెలా అవుతుందని ఆమె వాదించి, సొంత కోర్టులో గెలుపునకు పదికి ఆరు పాళ్లు, పరాయి కోర్టులో గెలుపునకు పదికి పద్నాలుగు పాళ్లు విలువ ఉండేలా సూత్రాన్ని సవరింపజేశారు. ఆనాటి నుంచి ఆట ఎక్కడ జరిగిందన్న ప్రశ్న గెలిచిందెవరన్న ప్రశ్నతో సమానమైపోయింది.

అందుకే ఆమె పనితీరులో ఒక వింత నియమం ఉండేది. ప్రతి ఆట తర్వాత ఆ కాలేజీ కార్యాలయానికి కాక, కోర్టు పక్కన బల్ల దగ్గర కూర్చుని స్కోరు పుస్తకం రాసిన మనిషికి నేరుగా ఫోను చేయాలి. స్కోరు అడగకూడదు, అది ఎలాగూ కాగితం మీద వస్తుంది. “ఆట ఎక్కడ జరిగింది?” అని మాత్రం అడగాలి. జవాబు విన్నాకే జాబితాలో టిక్కు పెట్టాలి. కొత్తగా చేరినవాళ్లందరం ఈ నియమాన్ని చూసి చాటుగా నవ్వుకున్నవాళ్లమే. ఎక్కడ జరిగితే అక్కడే జరిగి ఉంటుంది, దానికో ఫోనా అనుకునేవాళ్లం. 2006 ఆగస్టులో ఏడాది ప్రొబేషన్ మీద చేరిన నేను అందరికంటే కొంచెం ఎక్కువే నవ్వాను.

2007 జనవరి ఇరవై, శనివారం. కెటిల్ రివర్ కాలేజీలో హాల్వర్ కాలేజీతో ఆట ఉంది. ఆ ఉదయం మంచువాన పడి, తీగలు తెగి, కెటిల్ రివర్ ఊరంతా కరెంటు పోయింది. రెండు కాలేజీలూ మాట్లాడుకుని ఆటను నలభై మైళ్ల అవతల హాల్వర్ వారి కోర్టుకే మార్చుకున్నాయి. ఇలాంటప్పుడు మావాళ్లు ఒక మర్యాద పాటిస్తారు: ఆట ఎక్కడికి మారినా, మొదట ఎవరు ఆతిథ్యం ఇవ్వాలో వాళ్లే తెల్ల దుస్తులు తొడుక్కుంటారు, స్కోరు పుస్తకం వాళ్లే రాస్తారు. కాబట్టి నాకు చేరిన కాగితం మీద ఆతిథ్య జట్టు కెటిల్ రివర్ అనే ఉంది. గెలిచిందీ వాళ్లే. నేను నియమం ప్రకారం వాళ్ల స్కోరు రాసే ఆయనకు ఫోను చేశాను. కరెంటు లేని ఇంట్లో ఆ ఫోను మోగిందో లేదో కూడా నాకు తెలియదు. మూడుసార్లు ప్రయత్నించాను. ఎవరూ ఎత్తలేదు. టిక్కు పెట్టేశాను.

ఆ టిక్కు మూలంగా, మంచు మీద బస్సులో పోయి పరాయి కోర్టులో గెలిచిన ఆ అమ్మాయిల గెలుపు, హాయిగా సొంత ఇంట్లో గెలిచినట్టు నమోదైంది. అప్పట్లో మా జాబితాల్లో మొత్తం అంకె కనిపించేదే గానీ ఏ ఆట ఎక్కడన్న వివరం ఉండేది కాదు, అంచేత వాళ్ల కోచ్‌కు కూడా అనుమానం రాలేదు. మార్చి మూడు శనివారం మధ్యాహ్నం కోచ్‌లందరికీ ముసాయిదా జాబితా వెళ్లింది. పదహారో స్థానం ఫెయిర్‌హోప్ కాలేజీది. పదిహేడో స్థానం కెటిల్ రివర్‌ది. మరునాడు రెండింటికి అధికార ప్రకటన.

ఆదివారం ఉదయం ప్రార్థన అయ్యాక చర్చి కింది హాల్లో కాఫీ తాగుతుండగా, కాలేజీ జట్లకు బస్సు నడిపే వెర్లిన్ ఓసెన్ గారు మార్లిస్ గారి పక్కన చేరారు.

“కెటిల్ రివర్ పిల్లలకి చోటు రాలేదంటగా, పాపం! గట్టి పిల్లలు మార్లిస్. ఆ మంచువాన రోజు హాల్వర్ దాకా తోలా వాళ్లని. నలభై మైళ్లకి మూడు గంటలు పట్టింది. రెండుసార్లు గోతిలోకి జారబోయాం. దిగీ దిగగానే ఆడి గెలిచేశారు.”

మార్లిస్ గారు కాఫీ కప్పు కింద పెట్టారు. “ఎక్కడి దాకా తోలావన్నావ్?”

అర్ధగంటలో ఆమె ఆఫీసులో ఉన్నారు. చర్చికి కట్టుకున్న మంచి దుస్తులు, కాళ్లకు మంచు బూట్లు, చేతిలో కాగితపు రుమాల్లో చుట్టిన దాల్చినచెక్క రోలు అనే తీపి రొట్టె. ప్రకటన పత్రాలు అచ్చుతీస్తూ నేనొక్కణ్ణే ఉన్నాను. రోలు నా ముందు పెట్టి, తినమని సైగ చేసి, అప్పుడడిగారు.

“జనవరి ఇరవై, కెటిల్ రివర్ ఆట. ఫోను ఎవరెత్తారు లోవెల్?”

“గుర్తు లేదండీ,” అన్నాను. అది అబద్ధం.

“గుర్తు లేని ఫోనుకి టిక్కు ఎలా వచ్చింది?”

“ఎవరూ ఎత్తలేదండీ. మూడుసార్లు మోగించాను.”

“మోగించడమూ, మాట్లాడడమూ ఒకటేనటయ్యా?”

ఆమె గొంతు పెంచలేదు. రెండు కాలేజీలకూ ఫోను చేసి ఆట హాల్వర్‌లోనే జరిగిందని నిర్ధారించుకున్నారు. కంప్యూటరు ముందు కూర్చుని ఆ ఒక్క ఆట స్థలం మార్చారు. లెక్క మళ్లీ వేసే మీట నొక్కబోయి ఆగారు. నాకప్పటికి గానీ అసలు సంగతి వెలగలేదు. ఫెయిర్‌హోప్ జట్టులో ఆఖరి ఏడాది చదువుతున్న బ్రిటా ఆమె స్వయానా అన్నగారి కూతురు. ముసాయిదా చూసి కోచ్ చెప్పగానే ఆ పిల్లలంతా ముందురోజు సాయంత్రం పిజ్జా కొట్లో పండగ చేసుకున్నారు. ఆ ఫోటో మార్లిస్ గారి ఫోనులోనే ఉంది.

“పాపం, పిచ్చిపిల్లలు,” అని ఒక్క మాట అన్నారు. మీట నొక్కారు.

కెటిల్ రివర్‌ది 0.5539. ఫెయిర్‌హోప్‌ది 0.5531. పదివేలలో ఎనిమిది పాళ్ల తేడాతో స్థానాలు తారుమారయ్యాయి.

ముసాయిదా వెళ్లిపోయాక దిద్దుబాటు జరగాలంటే, తప్పు చేసిన ఉద్యోగి తన పేరు రాసి సంతకం పెట్టిన పత్రం సంఘాధ్యక్షులకు చేరాలి. ఆ నియమం పెట్టించింది కూడా మార్లిస్ గారే. ప్రొబేషన్‌లో ఉన్నవాడి పేరు అలాంటి పత్రంలో పడితే వాడి కొలువు అక్కడితో సరి. నాకు ఇరవై ఆరేళ్లు, అంతకు మూడు వారాల ముందే పెళ్లైంది. నన్ను ప్రింటరులో కాగితాలు పెట్టి రమ్మన్నారు. తిరిగొచ్చేసరికి పత్రం సిద్ధంగా ఉంది. తప్పు చేసినవారు అన్న చోట ఆమె పేరు, కింద ఆమె సంతకం.

“ఇది నేను చేసింది కదండీ,” అన్నాను.

“నీకు ఫోను చేయడం నేర్పిందెవరు?”

“మీరే.”

“మరి సరిగ్గా నేర్పలేదన్నమాట. వెళ్లి ఫ్యాక్సు చెయ్. ఇంకోసారి ఎత్తని ఫోనుకి టిక్కు పెట్టావంటే నేనే నిన్ను తీసుకెళ్లి మంచులో పాతిపెడతా. ఆ రోలు తిను ముందు.”

తిన్నాను. వెళ్లి ఫ్యాక్సు చేశాను. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి: ఆ పూట నాకు ముందు కలిగింది ఉద్యోగం నిలిచిందన్న ఊరట. సిగ్గు సోమవారం గానీ రాలేదు.

రెండింటికి ప్రకటన వెలువడింది. న్యాయంగా ఎవరికి దక్కాలో ఆ పన్నెండు మంది అమ్మాయిలకే చోటు దక్కింది. టోర్నమెంటులో వాళ్లు మొదటి ఆటలోనే ఇరవై రెండు పాయింట్ల తేడాతో చిత్తుగా ఓడిపోయారు. ఓడినా వెళ్లారు, ఆడారు, అక్కడి కోర్టు మధ్యన నిలబడి ఫోటో దిగారు. ఈనాటికీ ఆ ఫోటో గుర్తొస్తే నాకు గుండె కుదుటపడుతుంది. ఇంకో రెండున్నర గంటలు ఆలస్యమై ఉంటే ఆ పిల్లలు ఇళ్లలో కూర్చుని ఉండేవారు, ఎందుకో వాళ్లకు ఎన్నటికీ తెలిసేది కాదు.

మార్లిస్ గారికి మాత్రం ఆ సంతకం తేలిగ్గా పోలేదు. మేనకోడలి జట్టును ఎక్కించాలని చూసి, చివర్లో భయపడి దిద్దుకుందని కొందరు కోచ్‌లు గుసగుసలాడారు. ఆ మే నెలలో ఆమెకు రావలసిన సంచాలక పదవి వాయిదా పడి, 2011కు గానీ రాలేదు. బ్రిటా ఈస్టరు వరకూ అత్తతో మాట్లాడలేదు. వీటన్నిటికంటే నన్ను ఎక్కువ పొడిచింది ఏటా ఏప్రిల్లో జరిగే మన వార్షిక విందు. అప్పటికి అధ్యక్షులైన క్వాల్ గారు సూపు రాగానే చెంచాతో గ్లాసు మీద కొట్టి, “మార్లిస్, ఈ భోజనం మన ఇంట్లోనా, బయటా? కాస్త చూసి రాసుకో మరి!” అనేవారు. హాలంతా గొల్లుమనేది. ఆయన విరమించాక తర్వాతివాళ్లు ఆ హాస్యాన్ని వారసత్వంగా పుచ్చుకున్నారు. మార్లిస్ గారు ప్రతిసారీ నవ్వి, “రాసుకున్నా, రాసుకున్నా,” అనేవారు. ప్రతిసారీ నేనూ నవ్వాను. అది రాయకుండా దాటేస్తే ఈ వ్యాసం కూడా ఎత్తని ఫోనుకు పెట్టిన టిక్కే అవుతుంది.

ఆ తర్వాతి ఆమె కృషి అందరూ ఎరిగినదే. ఆ ఏడాది నుంచే జాబితాలో ప్రతి ఆట పక్కన స్థలం పేరు అచ్చువేయించారు. ఇవాళ ఏ కోచ్ అయినా, ఏ తల్లిదండ్రులైనా తమ జట్టు లెక్కను తామే సరిచూసుకోగలుగుతున్నారంటే అది ఆమె చలవ. 2019లో పాత సూత్రాన్ని పక్కనపెట్టి, బంతి చేతికి వచ్చిన ప్రతిసారీ జట్టు ఎన్ని పాయింట్లు సాధించింది, ఎన్ని ఇచ్చుకుంది అని కొలిచే కొత్త పద్ధతి తెచ్చినప్పుడు, సొంత బిడ్డ లాంటి సూత్రాన్ని ఆమె వదులుకుంటారా అని బోర్డు జంకింది. అరవై ఏళ్ల వయసులో ఆమె మాకంటే ముందు ఆ పద్ధతి నేర్చుకుని, మాకే పాఠం చెప్పారు. “ఎట్టకేలకు కాపు కాసేవాళ్లని కూడా లెక్కలోకి తీసుకున్నారు. ముప్పై అయిదేళ్లు నా సూత్రానికి ఆ బుద్ధి పుట్టలేదు,” అని తన మీద తానే జోకు వేసుకున్నారు.

దస్త్రాన్ని సరిచేయాలని నేను ప్రయత్నించకపోలేదు. కానీ సంతకమైన పత్రాన్ని మార్చాలంటే మొదట సంతకం చేసినవారి అంగీకారం తప్పనిసరి. 2011లో అడిగితే, “నీకు ఇద్దరు చిన్నపిల్లలు. నాకు పదవి వచ్చేసింది. ఇప్పుడెందుకు?” అన్నారు. 2018లో అడిగితే, “ఆ కాగితానికి నా పేరు అలవాటైపోయింది, వదిలెయ్,” అన్నారు. నేను రెండుసార్లూ మరీ గట్టిగా పట్టుబట్టలేదన్నది కూడా నిజమే.

ఈసారి వదలదలచుకోలేదు. ముందుగా బ్రిటా గారికి ఫోను చేశాను. ఆమె ఇప్పుడు ఒక హైస్కూలు బాలికల జట్టుకు కోచ్. జరిగిందంతా చెప్పాను. “గురువారం నేనే వస్తా. నువ్వు కాగితం సిద్ధం చేసి పెట్టు,” అని పెట్టేశారు.

మే పదహారు గురువారం మధ్యాహ్నం, నేను కొత్త దిద్దుబాటు పత్రం మార్లిస్ గారి ముందు పెట్టాను. తప్పు చేసినవారు అన్న చోట నా పేరు. ఆమె చూసి పక్కకు తోశారు. అప్పుడే బ్రిటా గారు లోపలికి వచ్చి, కోటు కూడా విప్పకుండా ఎదుటి కుర్చీలో కూర్చున్నారు.

“అత్తా, సంతకం చెయ్యి.”

“నీకెవరు చెప్పారే? వీడేనా? పదిహేను రోజుల్లో వెళ్లిపోతున్నదాన్ని, ఈ తవ్వకాలు నాకెందుకు?”

“పదిహేడేళ్లు నువ్వు చేయని తప్పుకి నిన్ను క్షమిస్తూ వచ్చా. అదంతా వృథా అయిపోయింది తెలుసా?”

“ఏం క్షమించావులే! ఈస్టరు దాకా మూతి ముడుచుకు కూచున్నావ్.”

“అందుకే చెబుతున్నా. ఆ అలక ఇతని మీద పడాల్సింది. నీ మీద పడింది.” బ్రిటా గారు కాగితాన్ని మళ్లీ మధ్యకు జరిపారు. “మా జట్టులో నేను పిల్లలకి మొదటి రోజే ఒకటి నేర్పుతా అత్తా. ఫౌల్ చేసినవాళ్లే చెయ్యెత్తాలి. పక్కనున్నది జాలిపడి తను ఎత్తితే, చేసినదానికి ఆట రాదు, ఎత్తినదానికి పేరు పోతుంది. ఈయన పదిహేడేళ్లుగా చెయ్యెత్తాలని చూస్తున్నాడు. నువ్వు కిందికి నొక్కిపెడుతున్నావ్. ఎత్తనీ.”

మార్లిస్ గారు నా వైపు చూశారు. ఇన్నేళ్లలో ఆమె నన్ను అంతసేపు చూసింది లేదు. నిజంగానే చెయ్యెత్తాను, బళ్లో పిల్లాడిలా. ఆమెకు నవ్వొచ్చింది, తర్వాత కళ్లు తుడుచుకున్నారు. కళ్లద్దాలు పెట్టుకుని కాగితం మొదటి నుంచీ చదివి, తప్పు బయటపడిన సమయం పదకొండు నలభై అని నేను రాస్తే దాన్ని కొట్టేసి పదకొండు ఇరవై అయిదని దిద్ది, అప్పుడు సంతకం పెట్టారు. కలం మూత బిగించి కుర్చీలో వెనక్కి వాలారు.

“అబ్బ! భుజాలు తేలికయ్యాయి లోవెల్. బరువుందని ఇన్నాళ్లూ నాకే తెలియలేదు,” అన్నారు.

అంతవరకూ ఆ బరువు నాదొక్కడిదేనని అనుకుంటూ వచ్చాను. ఆమె దాన్ని మోస్తున్నట్టు కనిపించకుండా మోశారు, అంతే. ఆ పత్రం ఇప్పుడు సంఘం దస్త్రాల్లో చేరింది. అధ్యక్షులు నన్ను పిలిచి మందలించారు. ఒక నెలపాటు నా టిక్కులన్నిటినీ మరొకరు సరిచూడాలని ఆదేశించారు. న్యాయమైన ఆదేశమే. జీవిత విశేషాల పుటలోని ఆ వాక్యాన్ని సంపాదకవర్గం వారు తొలగించారు. వచ్చే శుక్రవారం జరిగే వీడ్కోలు విందులో ఎవరైనా పాత హాస్యం ఆడదలిస్తే, దయచేసి నా బల్ల వైపు తిరిగి ఆడవలసిందిగా మనవి.

మార్లిస్ గారూ, నాలుగు దశాబ్దాలకు పైగా ఎన్ని వేల మంది అమ్మాయిల శ్రమకు ఎంత విలువ కట్టాలో అంతే కట్టి, పిసరంత ఎక్కువా తక్కువా కానివ్వకుండా చూసిన మీకు, ఈ విభాగం పక్షాన, మీ సహచరులందరి పక్షాన హృదయపూర్వక అభినందనలు. ఇకనుంచి ఆట చూసేటప్పుడు మీ ఒళ్లో కాగితాలు ఉండకూడదని, మీవారు డెల్ గారు మిమ్మల్ని ఎక్కడికి తీసుకువెళ్తే అక్కడ మీరు చేతులు ఊపుకుంటూ నడవాలని, మోకాళ్ల నొప్పులు సర్దుకుని, చల్లని కళ్లతో, నిండు ఆరోగ్యంతో, బ్రిటా గారి శిష్యురాళ్ల కూతుళ్లు ఆడే ఆటలు కూడా ముందు వరుసలో కూర్చుని చూసేంతటి దీర్ఘాయువు మీకు కలగాలని మనసారా కోరుకుంటున్నాను. మీ పేరు మీద ఇప్పుడు నేను చేసిన తప్పు లేదు. అది నా పేరు మీద ఉంది. ఇద్దరి పేర్లూ ఉండవలసిన చోట ఉన్నాయి; మీరు నిశ్చింతగా ఇంటికి వెళ్లండి.